నేపాల్ పండుగలకు బయలుదేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. అమ్మను వెంటబెట్టుకుని నేపాల్ వెళ్ళి, అక్కడి హిందూ, బౌద్ధ పండుగలను దగ్గరగా చూడాలని అనుకుంటున్నందుకు చాలా సంతోషం. అయితే నువ్వు పంపిన పట్టికలో దశైన్, తిహార్, ఇంద్ర జాత్ర, బుద్ధ జయంతి, లోసార్, శివరాత్రి అన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి మధ్య నెలల ఎడం ఉంది. నీకు దొరికే సెలవు పది రోజులు. ఉద్యోగరీత్యా నేను ఖాట్మండులో ఉన్న కాలంలో మనవాళ్ళు ఇలాంటి పట్టికలతోనే వచ్చి, ఉదయం ఒక ఊరు, సాయంత్రం మరో ఊరు తిరిగి, పండుగ జరుగుతున్న వీధి పక్కనుంచే కారులో వెళ్ళిపోవడం గమనించాను. కాబట్టి ఒకే పండుగను ఎంచుకుని, ఒకే ఊళ్ళో మకాం పెట్టి, దానిని మొదటినుంచి చివరిదాకా చూడండి. ఏది ఎంచుకోవాలో, అక్కడ ఎలా మసలుకోవాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ఎంచుకునే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అక్కడి పండుగలలో కొన్ని ఇంటి లోపల జరుగుతాయి, కొన్ని వీధిలో జరుగుతాయి. ఇంటి పండుగకు పిలుపు కావాలి. వీధి పండుగకు వెళ్ళేవారికి నిలబడే చోటు దొరికితే చాలు. దశైన్ పెద్ద పండుగ కదా, దానికే వెళదామని చాలామంది అనుకుంటారు. మన దసరా నవరాత్రులే అవి. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు ఘటస్థాపనతో మొదలై పున్నమి వరకు పదిహేను రోజులు సాగుతాయి. తొలిరోజున మట్టిలో యవలు చల్లి, ఎండ తగలని గదిలో ఉంచితే పసుపుపచ్చని మొలకలు వస్తాయి. వాటిని జమరా అంటారు. విజయదశమి నాడు ఇంటి పెద్దలు బియ్యం, పెరుగు, కుంకుమ కలిపిన టీకాను పిన్నల నుదుట దట్టంగా అద్ది, ఆ మొలకలను చెవి పైన ఉంచి దీవిస్తారు. చూడముచ్చటైన ఆచారమే, కాని అది జరిగేది వాళ్ళ ఇళ్ళలో. సప్తమి నాటికే ఖాట్మండులో ఉన్నవారిలో చాలామంది సొంత ఊళ్ళకు బయలుదేరతారు. బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, దుకాణాలు మూతపడతాయి, భోజనశాలలలో వంటవాళ్ళు కూడా దొరకరు. అక్కడ మీకు తెలిసిన కుటుంబం ఉండి, రమ్మని పిలిస్తే తప్పక వెళ్ళండి; పిలుపు లేకపోతే మూసిన తలుపులు చూసి రావలసి వస్తుంది. పైగా అష్టమి, నవమి రోజులలో దేవీ ఆలయాల ముందు మేకలను, దున్నలను బలి ఇస్తారు. మన ఊరి జాతరలో పొట్టేలును తీసుకువెళుతుంటేనే ముఖం తిప్పుకునే మీ అమ్మను ఆ రెండు రోజులలో అక్కడికి తీసుకువెళ్ళవద్దు. ఖాట్మండు పాత రాజభవనమైన హనుమాన్ ఢోకాలోని తలేజు దేవి ఆలయంలోకి సామాన్య భక్తులకు ఏడాదిలో మహానవమి ఒక్కరోజే ప్రవేశం ఉంటుంది. దశైన్‌లో బయటివారు ప్రత్యేకంగా చూడదగినది నా లెక్కలో అదొక్కటే. దానికీ తెల్లవారకముందే వరుసలో నిలబడాలి.

తేదీల సంగతి కూడా ముందే చెప్పాలి. అక్కడ వ్యవహారంలో ఉన్నది విక్రమ సంవత్. దాని ప్రకారం కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ వస్తుంది. పండుగలు మాత్రం చాలావరకు తిథులను బట్టే జరుగుతాయి కనుక, మన పంచాంగం ఒకటి దగ్గరుంటే సగం పని అయినట్లే. ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. మనకు చాంద్రమాసం అమావాస్యతో ముగుస్తుంది, వారికి పున్నమితో ముగుస్తుంది. శుక్లపక్షంలో నెల పేరు ఇద్దరికీ ఒకటే. బహుళపక్షంలో వారు మనకంటే ఒక నెల ముందుంటారు. మనం మాఘ బహుళ చతుర్దశి అనే శివరాత్రి వారికి ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. రోజు ఒకటే, పేరే వేరు. అధికమాసం వచ్చిన ఏడు ఆ తరువాతి పండుగలన్నీ మూడు వారాల దాకా వెనక్కి జరుగుతాయి; అందుచేత పోయిన సంవత్సరపు తేదీలను చూసి విమానం టికెట్లు తీసుకోవద్దు.

ఇక నా ఎంపిక చెబుతాను. నీకున్న పది రోజులకు సరిగ్గా సరిపోయేది ఇంద్ర జాత్ర. ఖాట్మండు పాతబస్తీలో భాద్రపద శుద్ధ ద్వాదశి నుంచి బహుళ చవితి వరకు, సాధారణంగా సెప్టెంబరులో జరుగుతుంది. హైదరాబాదులో వినాయకులను నిమజ్జనం చేసే అనంత చతుర్దశి నాడే అక్కడ దేవతగా కొలిచే బాలిక కుమారి రథం కదులుతుందని గుర్తుపెట్టుకుంటే తేదీ మరచిపోవు. దాని వెనుక ఉన్న కథ ఇది. తల్లి చేసే వ్రతానికి పారిజాత పుష్పాలు కావలసివచ్చి ఇంద్రుడు మారువేషంలో ఖాట్మండు లోయకు దిగి, ఒకరి తోటలో పూలు కోస్తూ పట్టుబడ్డాడు. ఎవరో తెలియక జనం దొంగ అని కట్టేశారు. కొడుకును వెతుక్కుంటూ వచ్చిన తల్లి, అతణ్ణి విడిచిపెడితే పంటలకు మంచునూ పొగమంచునూ ఇస్తాననీ, ఆ సంవత్సరం చనిపోయినవారిని తనతో స్వర్గానికి తీసుకుపోతాననీ మాట ఇచ్చిందట. దేవతల రాజును కట్టేసి బేరమాడి, ఆ బేరాన్ని ఏటేటా వేడుకగా జరుపుకునే ఊరు మరొకటి ఉంటుందని నేననుకోను. రెండు చేతులూ బారజాపి బందీగా నిలిచిన ఇంద్రుని విగ్రహాలను ఆ రోజులలో కూడళ్ళలో ప్రదర్శిస్తారు. తొలిరోజు రాత్రి జరిగే ఊరేగింపులో, ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు దీపాలు, అగరువత్తులు పట్టుకుని నడుస్తారు. ఆ నడకకు ఎదురుగా నిలబడి ఫోటోలు తీయవద్దు. పక్కకు జరిగి దారి ఇవ్వండి.

ద్వాదశి నాటికి ఖాట్మండు చేరుకోగలిగితే మంచిది. నాలా సమీపంలోని అడవి నుంచి తెచ్చిన చెట్టు మానును ఆ ఉదయం హనుమాన్ ఢోకా ముందు ధ్వజస్తంభంగా నిలబెడతారు. దాన్ని లోయలోని పాతకాలపు జనమైన నేవార్ల భాషలో యోసిన్ అని, నేపాలీలో లింగో అని అంటారు. మోకులు కట్టి, అంగుళం అంగుళంగా పైకి లేపుతూ, పక్కకు ఒరగబోయినప్పుడల్లా జనమంతా ఒక్కసారిగా కేకలు వేస్తూ ఉంటే గంటలు గడిచినట్టే తెలియదు. ఆ రోజు జనం తక్కువగా ఉంటుంది కాబట్టి మీ అమ్మ కూడా హాయిగా చూడగలుగుతుంది. చతుర్దశి మధ్యాహ్నం అలా ఉండదు. హనుమాన్ ఢోకా దగ్గరి బసంతపూర్ చౌకు నిండిపోతుంది. దేశాధ్యక్షులు తెల్లని గద్దీ బైఠక్ భవనం నుంచి వేడుకను చూస్తారు గనుక పోలీసులు దారులు మూస్తారు. మెట్ల అరుగులున్న ఆలయాల మీద చోటు కోసం చాలామంది భోజనం కూడా మానుకుని కూర్చుంటారు. మీరు ఆ తొక్కిసలాటలోకి వెళ్ళకుండా, రథం సాగే దారిలో దక్షిణాన ఉన్న జైసీ దేవల్ ఆలయం మెట్లపై ముందుగానే చోటు చూసుకోండి. గణేశుడు, భైరవుడు, కుమారి మూడు రథాలలో మీ ముందునుంచే వెళతారు. మరునాడు పున్నమి నాడు రథాలు ఉత్తరపు వీధులకు, అసన్ బజారు వైపు వెళతాయి. మొదటి రోజు సరిగా కనిపించకపోతే రెండో రోజు చూడవచ్చు. చివరి రోజున ఇంకోసారి కూడా అవకాశం ఉంది. ఈ సంగతి తెలియనివారే మొదటి రోజున ఒకరినొకరు తోసుకుంటారు.

కుమారి విషయం అక్కడికి వెళ్ళకముందే తెలుసుకోవాలి. ఆమె నేవార్లలో శాక్య కులస్థుల ఇంట పుట్టిన చిన్నపిల్ల. అంటే బౌద్ధ కుటుంబపు బిడ్డ. ఆమెలో తలేజు దేవి కొలువై ఉందని హిందువులు పూజిస్తారు, బౌద్ధులు తమ వజ్రయాన దేవతగా కొలుస్తారు. రజస్వల అయిన తరువాత ఆ స్థానం మరో బాలికకు పోతుంది. ఆమె రథయాత్రను 18వ శతాబ్దంలో ఖాట్మండు చివరి మల్ల రాజు జయప్రకాశ మల్లుడు ప్రారంభించాడు. 1768లో ఇదే పండుగ జరుగుతుండగా గోర్ఖా రాజు పృథ్వీనారాయణ షా నగరాన్ని స్వాధీనం చేసుకుని, పండుగను ఆపనివ్వకుండా తానే కుమారి ఆశీర్వాదం అందుకున్నాడు. 2008లో రాచరికం పోయినా ఆ ఆచారం పోలేదు. ఇప్పుడు దేశాధ్యక్షులు అందుకుంటున్నారు. బసంతపూర్‌లో ఆమె నివసించే కుమారి ఘర్ లోగిలిలోకి ఎవరైనా వెళ్ళవచ్చు. పై కిటికీలో ఆమె ఒక నిమిషం కనిపిస్తే, చేతిలోని ఫోను సంచిలో పెట్టి నమస్కరించండి. అక్కడ ఫోటో తీయడం నిషేధం. ఎర్రటి పట్టుబట్టలు, నుదుట పెద్ద కన్ను చిత్రించిన ముఖం, నవ్వు లేని చూపు చూసి మీ అమ్మకు జాలి కలగవచ్చు; నాకూ కలిగింది. ఆ పద్ధతి మంచిదా కాదా అని అక్కడివారే వాదించుకుంటూ ఉంటారు. ఆ వాదనలో మనం లోగిలి మధ్యలో నిలబడి తీర్పు చెప్పనక్కరలేదు.

సాయంత్రం పూట హనుమాన్ ఢోకా దగ్గరి శ్వేత భైరవుణ్ణి తప్పక చూడండి. మిగతా సంవత్సరమంతా చెక్క జాలీ వెనుక మూసి ఉండే ఆ పెద్ద ముఖాన్ని ఈ పండుగకు తెరుస్తారు. నోట్లోంచి ఒక గొట్టం బయటికి వచ్చి ఉంటుంది. అందులోంచి బియ్యం పులియబెట్టి చేసిన కల్లు ధారగా పడుతుంటే, కుర్రాళ్ళు ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి నోరు పట్టి తాగుతారు. ఆ ధారలో చిన్న చేపను కూడా వదులుతారు. అది నోట పడినవారికి ఆ ఏడంతా కలిసివస్తుందని నమ్మకం. దగ్గరికి వెళితే తల తడవకుండా బయటపడలేవు కనుక, ఎదుటి అరుగుమీది నుంచి చూడండి. ఎర్రని ముఖం, జడలు కట్టిన చమరీమృగపు జుట్టుతో లాఖే రాక్షసుడు వీధుల్లో ఎగురుతూ పోతాడు. వెదురు బుట్టలా అల్లిన తెల్ల ఏనుగు లోపల ఇద్దరు మనుషులు దూరి, యజమానిని వెతుక్కునే ఇంద్రుని ఐరావతంలా పరుగెత్తుతారు. ఆ ఏనుగు తోక దెబ్బ తగిలేది చూడటానికి నిలబడ్డవారికే. దాని డప్పుల చప్పుడు వినబడగానే గోడవైపు జరగండి.

సెప్టెంబరులో సెలవు దొరకకపోతే రెండో ఎంపిక ఖాట్మండు పక్కనే ఉన్న పాటన్ నగరపు రథోత్సవం. రాతో మచ్ఛేంద్రనాథ్ అని హిందువులు పిలిచే ఆ ఎర్రని దేవుడు నాథ సంప్రదాయంలో గోరఖ్‌నాథుడి గురువైన మత్స్యేంద్రనాథుడు. బౌద్ధులకు ఆయనే అవలోకితేశ్వరుడు, కరుణామయుడు. గోరఖ్‌నాథుడు వానలు కురిపించే నాగులపై ఆసనం వేసి కూర్చోవడంతో లోయలో పన్నెండేళ్ళు కరువు వచ్చిందనీ, గురువును కామరూపం నుంచి తీసుకువస్తే ఆయనకు నమస్కరించడానికి శిష్యుడు లేచాడనీ, నాగులు విడుదలై వాన కురిసిందనీ చెబుతారు. అందుకే ఈ పండుగ వర్షాకాలానికి ముందు, వైశాఖంలో మొదలవుతుంది. పుల్చౌక్‌లో కలపతో రథం కట్టి, దాని పైన వెదురు, పేము, తీగలతో సుమారు 60 అడుగుల గోపురం లేపుతారు. చక్రాలపై పెద్ద కళ్ళు చిత్రిస్తారు. రథం కదిలినప్పుడు ఆ గోపురం కుడికీ ఎడమకూ ఊగుతుంటే వీధి పక్క ఇళ్ళవాళ్ళు కిటికీ రెక్కలు లోపలికి లాక్కుంటారు. చక్రం ముందు చెక్క దిమ్మ పడేసి, అంత బరువును ఒక్క క్షణంలో ఆపి, వెంటనే ఆ దిమ్మను లాగేసుకునే మనుషుల నేర్పును కాసేపు నిలబడి చూడు. గోపురం శిఖరాన ఎగిరే జెండా కన్నా అదే నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది.

ఈ ఉత్సవంలో ఒక ఇబ్బంది ఉంది. ముఖ్యమైన ఘట్టాలకు జ్యోతిష్కులు ముహూర్తం పెట్టాలి, ఆ తేదీ చాలా ఆలస్యంగా తెలుస్తుంది, రథం ఎక్కడైనా ఒరిగిపోతే మొత్తం వాయిదా పడుతుంది. జావలాఖేల్‌లో చివరిరోజు జరిగే భోటో జాత్రకు సరిపోయేలా టికెట్లు తీసుకోవడం సాహసమే. ఆ రోజున మణులు కుట్టిన నల్లని చేతుల్లేని చొక్కాను రథం మీదినుంచి నాలుగు దిక్కులా చూపిస్తారు. నాగరాజు కర్కోటకుడి భార్యకు కంటి జబ్బు నయంచేసి ఒక రైతు ఆ చొక్కాను బహుమానంగా పొందాడనీ, దాన్ని ఒక భూతం దొంగిలించిందనీ, రథోత్సవంలో ఇద్దరూ తగవుపడితే సాక్ష్యం తెచ్చేవరకు దేవుడి దగ్గరే ఉండాలని తీర్మానించారనీ కథ. హక్కుదారు ఎవరైనా వచ్చారేమోనని ఏటా చూపిస్తున్నారు. ఆ వ్యాజ్యం ఇంకా తేలలేదు. మన కోర్టులలో వాయిదాలను చూసి విసుగెత్తిన మీ నాన్నకు ఈ కథ తప్పక చెప్పు. ఆ రోజు దొరకకపోయినా, రథం వీధిలో నిలిచి ఉన్న వారాలన్నిటిలో ఏ సాయంత్రమైనా మీరు వెళ్ళవచ్చు. ఆ పేట ఆడవాళ్ళు వత్తులు వెలిగించి, పళ్ళేలలో పూలు, అక్షతలు తెచ్చి, పూజ చేసి వెళుతుంటారు. తోపులాట ఉండదు, మీ అమ్మ కూడా ఒక దీపం వెలిగించవచ్చు.

లోయలోని మరో పాత నగరం భక్తపూర్‌లో కొత్త సంవత్సరానికి జరిగే బిస్కా జాత్రకు మాత్రం మీ అమ్మను తీసుకుని వెళ్ళవద్దు. భైరవుడి రథాన్ని ఎగువ పేటవారు, దిగువ పేటవారు రెండు వైపుల మోకులు పట్టి తమవైపు లాగుకునే పోటీ అది; రాళ్ళు పడటం, మనుషులు గాయపడటం అక్కడ కొత్త కాదు. నువ్వు ఒక్కదానివే వెళితే న్యాతపోల ఆలయపు ఎత్తైన మెట్లపై నుంచి చూడు, కిందికి దిగకు.

మన జంధ్యాల పౌర్ణమి మరునాడు వచ్చే గాయ్ జాత్ర సంగతి వేరు. ఆ ఏడాది ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న కుటుంబాలు ఆవునో, ఆవు వేషం వేసిన పిల్లవాణ్ణో ఊరేగిస్తూ నగరమంతా తిరుగుతాయి. చనిపోయినవారికి వైతరణి దాటించే ఆవు అది. కొడుకు చనిపోయిన దుఃఖంలో ఉన్న రాణిని నవ్వించడానికి, ఇలా ప్రతి ఇంటిలోనూ మరణం ఉందని చూపించడానికి 17వ శతాబ్దపు రాజు ప్రతాప మల్లుడు వేషధారణనూ హాస్యాన్నీ ఇందులో చేర్చాడని చెప్పుకుంటారు. అందువల్ల ఆ ఊరేగింపులో చనిపోయినవారి చిత్రపటాలు, నాయకులపై ఎగతాళి వేషాలు పక్కపక్కనే కనిపిస్తాయి. పిల్లలకు మీసాలు గీసి ఉన్నాయని నవ్వుతూ ముందుకు దూసుకుపోవద్దు. వెనకాల నడిచే తల్లి ముఖం ఒకసారి చూడు. వేషం వేసిన పిల్లలకు దారి పొడవునా తినుబండారాలు, పళ్ళు ఇస్తారు. మీరు కూడా ఇవ్వవచ్చు.

దీపావళి రోజులలో వచ్చే తిహార్ ఇంటి పండుగే అయినా వీధి నుంచి చాలా కనిపిస్తుంది కనుక దాన్ని తీసిపారేయలేను. అయిదు రోజులు. మొదటిరోజు కాకులకు, రెండో రోజు కుక్కలకు పూజ; వీధికుక్కల మెడలో కూడా బంతిపూల దండలు, నుదుట ఎర్రటి టీకా ఉంటాయి. మూడో రోజు ఉదయం ఆవుకు, సాయంత్రం లక్ష్మికి పూజ. నాలుగో రోజున నేవార్లకు తమ సొంత కాలగణన అయిన నేపాల్ సంవత్ ప్రకారం కొత్త సంవత్సరం. ఆ రాత్రి వారు తమ శరీరాలకే పూజ చేసుకుంటారు. అయిదో రోజు అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు టీకా పెడతారు. ప్రతాప మల్లుడు 1670లో తవ్వించిన రాణీ పోఖరి కొలను నడుమ ఉన్న గుడిని ఏడాదికి ఆ ఒక్కరోజే తెరుస్తారు, తోబుట్టువులు లేనివారు అక్కడికి వచ్చి టీకా పెట్టించుకుంటారు. నువ్వు ఒక్కతే బిడ్డవు కనుక ఈ సంగతి నీకోసం ప్రత్యేకంగా రాస్తున్నాను.

మీ అమ్మ మనసులో ఉన్నది గుళ్ళూ దర్శనాలే అయితే, పండుగల సందడి వదిలేసి జనక్‌పూర్ వెళ్ళండి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం చైత్ర శుద్ధ నవమి నాడు చూసే మనకు, ఆడపెళ్ళివారి ఊళ్ళో ఆ పెళ్ళి మార్గశిర శుద్ధ పంచమి నాడు జరగడం వింతగా ఉంటుంది. వివాహ పంచమి అని పిలుస్తారు. మైథిలీ స్త్రీలు సీతను తమ ఇంటి ఆడపడుచుగా భావించి పాటలు పాడుతుంటే మీ అమ్మకు భాష రాకపోయినా కన్నీళ్ళు వస్తాయి. బీహార్‌లోని జయనగర్ నుంచి జనక్‌పూర్ మీదుగా రైలు 2022 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. అంతకు ముందు కార్తీక శుద్ధ షష్ఠికి వెళ్ళగలిగితే అదే ఊరి చెరువుల గట్లపై ఛఠ్ పూజ కూడా చూడవచ్చు. అస్తమించే సూర్యుడికి, మరునాడు ఉదయించే సూర్యుడికి నడుము లోతు నీటిలో నిలిచి అర్ఘ్యం ఇస్తారు.

శివరాత్రికి పశుపతినాథ్ వెళ్ళాలన్న నీ కోరిక కాదనను కానీ, ఆ రోజు దర్శనానికి గంటలకొద్దీ నిలబడాలి. దక్షిణాది నుంచి వెళ్ళిన భట్టులే అక్కడ మూలవిరాట్టుకు పూజలు చేస్తారు గనుక మంత్రాలు మనకు పరిచితమైన స్వరంలోనే వినిపిస్తాయి. తోలు బెల్టులు, సంచులు లోపలికి తీసుకువెళ్ళకూడదు. వినాయక చవితికి ముందురోజు వచ్చే తీజ్ నాడు ఎర్రచీరలు కట్టుకున్న వేలమంది స్త్రీలు ఉపవాసంతో అక్కడికి వచ్చి నాట్యం చేస్తారు. అది ఆడవాళ్ళ పండుగ కాబట్టి మీ ఇద్దరికీ స్వాగతమే. బాగ్మతి ఒడ్డున చితులు కాలుతుంటాయి, వాటివైపు కెమెరా ఎత్తకండి.

బౌద్ధ పండుగలలో మీ ఇద్దరికీ అనువైనది వైశాఖ పున్నమి. లుంబినిలో చూడాలని అందరికీ ఉంటుంది. బుద్ధుడు ఇక్కడ పుట్టాడని, అందుకే ఈ ఊరికి పన్ను తగ్గించానని అశోకుడు చెక్కించిన స్తంభం ఇంకా అక్కడే నిలిచి ఉంది. కాని ఆ నెలలో తరాయి మైదానపు ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. అమ్మతో అయితే ఖాట్మండులోని బౌద్ధనాథ్ స్తూపమే మేలు. సాయంత్రం వేల దీపాలు వెలిగిస్తారు, అందరూ స్తూపాన్ని కుడివైపు ఉంచుకుని ప్రదక్షిణం చేస్తారు. మనకు అలవాటైన దిశే. ఎవరెస్టు దారిలోని తెంగ్‌బోచే మఠంలో శరదృతువులో జరిగే మణి రిమ్‌దు ముసుగు నాట్యాలు గొప్పవే, కాని ఆ మఠం 3,867 మీటర్ల ఎత్తున ఉంది. విమానం దిగే లుక్లా నుంచి రోజుల తరబడి నడవాలి, గాలి పలచబడుతుంది. అది నువ్వు స్నేహితులతో మరోసారి పెట్టుకో. లోసార్ పేరుతో గురుంగ్, తామాంగ్, షెర్పా జాతులవారు మూడు వేర్వేరు రోజులలో కొత్త సంవత్సరం జరుపుకుంటారు కనుక, ఎవరి లోసార్ అని అడిగి తేదీ నిర్ణయించుకో.

ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న మాత్రం అడగవద్దు. ఈ గుడి హిందువులదా, బౌద్ధులదా అని మనవాళ్ళు అదేపనిగా అడుగుతుంటారు. ఖాట్మండు లోయలో ఆ ప్రశ్నకు చాలాచోట్ల ఒక్క జవాబు లేదు, అడిగినవారే ఇబ్బందిపడతారు. స్వయంభూ స్తూపం పక్కనే మశూచి తల్లి హారతి అనే దేవికి గుడి ఉంది, హిందువులూ బౌద్ధులూ అక్కడికి పిల్లలను తీసుకువస్తారు.

తిండి విషయంలో మీ అమ్మకు ఇబ్బంది రాకుండా చూడు. నేవార్ల విందులో అటుకులు, అల్లం, నల్ల సోయా గింజలతో పాటు దున్నమాంసం, ఎండుచేప, సారా ఉంటాయి. వీధిలో మోమోలు అమ్మేవారు బఫ్ అంటే దున్నమాంసం అని అర్థం చేసుకోవాలి. శాకాహారి అని చెబితే అందరికీ తెలుస్తుంది. బారా అని మినప్పిండితో పెనం మీద కాల్చి ఇచ్చేది మన మినపట్టుకు చుట్టమే, గుడ్డు వేయవద్దని ముందే చెప్పాలి. మార్గశిర పున్నమి వేళకు వెళ్ళినవారికి బియ్యప్పిండి తొడుగులో బెల్లం, నువ్వులు పెట్టి ఆవిరిపై ఉడికించిన యోమరి దొరుకుతుంది. అది మీ అమ్మకు నచ్చి తీరుతుంది.

చివరగా కాగితాలు. భారతీయులకు వీసా అక్కరలేదు, కాని విమానంలో వెళ్ళేవారు పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని చూపించాలి. నీ వయసువారికి ఆధార్ చెల్లదు. మన 100 రూపాయలు వారి 160 రూపాయలకు సమానం, ఆ మారకం ఏళ్ళ తరబడి స్థిరంగా ఉంది. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి కాబట్టి 100 నోట్లే ఎక్కువగా పెట్టుకో. పాత రాజభవనాల ముందుండే దర్బారు చౌకుల ప్రవేశ రుసుము మనకు మిగతా విదేశీయులకంటే తక్కువ, గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకో. శనివారం అక్కడ సెలవు. వారి గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుంది, దిగగానే సరిచేసుకోండి. సెప్టెంబరులో వాన పూర్తిగా వెనుకబడదు. గుంపులో గొడుగు వెనకవారి కళ్ళకు తగులుతుంది గనుక రెయిన్ కోట్లు కొనండి. అమ్మకు మోకాళ్ళ కట్టు, చెప్పులు జారకుండా పట్టీ ఉన్నవి తప్పనిసరి. పాతబస్తీలో బసంతపూర్‌కు నడిచి వెళ్ళగలిగే దూరంలో, రథం దారికి ఒక వీధి అవతల గది తీసుకో. దారిలోనే తీసుకుంటే ఆ రెండు రోజులూ టాక్సీ గుమ్మం దాకా రాదు, పెట్టెలు మీరే మోసుకోవాలి.

తేదీ ఖాయం చేసుకునే ముందు ఒకసారి పంచాంగం పట్టుకుని నాకు ఫోను చెయ్యి. ద్వాదశి ఏ రోజున పడుతుందో ఇద్దరం కలిసి చూసుకున్నాక టికెట్లు తీసుకోవచ్చు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య